డ్వేన్ షెడ్డులో ఇంజన్ బ్లాకు

గౌరిది విశాఖ పక్కన గాజువాక. పోతపోసిన ఇనుములో లోపాలు పట్టుకోవడం అక్కడా ఆమె ఉద్యోగమే, అమెరికాలోని అల్ఫారెట్టాకి వచ్చాకా అదే. ఆదివారాలు మాత్రం పెద్ద ఇంజన్లతో దూసుకెళ్లే పాత అమెరికన్ మజిల్ కార్ల ఇంజన్ బ్లాకులు చూసేది. ఫలానా బ్లాకు ఫలానా కారుతో ఫ్యాక్టరీలోంచి వచ్చిందా, తర్వాత ఎవరైనా తెచ్చి పెట్టారా అన్నది తేల్చేది. పుట్టుకతో వచ్చిన బ్లాకుంటే కారు విలువ ఎన్నో రెట్లు. కాబట్టి దొంగ బ్లాకులకీ కొదవ లేదు.

పోయిన అక్టోబరులో శశికాంత్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఆమెని వెంటబెట్టుకుని ఉత్తరాన కొండల వైపు డ్రైవ్ చేశాడు. అక్కడ డ్వేన్ అనే అతని దగ్గర అరవై తొమ్మిది మోడల్ కారు అమ్మకానికి ఉందట; కొనేముందు బ్లాకు ఆమెకి చూపించాలనుకున్నాడు. తారు రోడ్డు అయిపోయాక కంకర దారి, అదీ అయిపోయాక రేకుల షెడ్డు. ఫోన్‌లో సిగ్నల్ పోయింది.

డ్వేన్ మర్యాదగానే మాట్లాడాడు. పక్కన అతని తమ్ముడు ఉన్నాడు. గౌరీ శశికాంత్ లోపలికి వెళ్లగానే ఆ తమ్ముడు తలుపు లాగి మూశాడు.

"చలి వస్తోంది," అన్నాడు డ్వేన్.

బయట చలేమీ లేదు.

కాగితాల ప్రకారం కారు అరవై తొమ్మిది జనవరి మొదటి వారంలో తయారైంది. అంటే బ్లాకు అంతకు కొన్ని వారాల ముందు పోతపోసి ఉండాలి. గౌరి టార్చి వేసి చూసింది. నెలని చెప్పే అక్షరం డిసెంబరుది, ఏడాది అంకె ఎనిమిది, అంటే అరవై ఎనిమిది. అంతా సరిపోయింది. ఆమెకి అదే నచ్చలేదు. కారు నంబరు కొట్టిన చోట ఫ్యాక్టరీ కోత గీతలు ఉండాలి; అక్కడ అద్దంలా నున్నగా ఉంది. నెల అక్షరాన్ని సూది మొనతో నొక్కింది. దిగింది. ఇనుములో సూది దిగదు; అసలు అక్షరం చెరిపేసి, ఏదో ముద్దతో దీన్ని అతికించారు.

సూది తీసి టార్చి కాస్త పక్కకి జరిపింది. అక్షరం కింద నెలవంక ఆకారంలో చిన్న పోత గుంట. ఆ గుంటని ఆమె ఎరుగును. వేసవికి ముందు పక్క ఊరు కమ్మింగ్‌లో పద్మనాభం గారి గ్యారేజీలో, ఆయన కారు బ్లాకు మీద దాన్ని స్వయంగా ఫోటో తీసింది. జూన్‌లో ఆ కారు ఎవరో ఎత్తుకుపోయారు. అడ్డొచ్చిన పద్మనాభం గారి తల పగలగొట్టారు. ఆయనకి ఇంకా మాట రాలేదు.

"ఏమంటారు మేడమ్?" డ్వేన్ గొంతు ఆమె భుజం పక్కనుంచే వచ్చింది.

గౌరి చేతులు తుడుచుకుంది. "బాగుంది. ఇంటికెళ్లి రిపోర్ట్ రాసి పంపుతాను."

"ఇక్కడే చెప్పొచ్చుగా?"

"నోటి మాటని అప్పిచ్చే బ్యాంకు వాళ్లు ఒప్పుకోరు."

డ్వేన్ తమ్ముడికి కళ్లతో సైగ చేశాడు. తలుపు తెరుచుకుంది.

హైవే ఎక్కాక గౌరి, "శశీ, ఎక్కడా ఆపకు. అది పద్మనాభం గారి బ్లాకు," అంది.

"అక్కా, ష్యూరా? డీల్ క్యాన్సిల్ చేసెయ్యనా?"

"పోలీసులకి ఫోన్ చేస్తాను. వాళ్లు అక్కడికి చేరేదాకా డ్వేన్‌కి ఏమీ చెప్పకు."

మర్నాడు పోలీసులు వెళ్లేసరికి షెడ్డు ఖాళీ. నేల కడిగేసి ఉంది. డ్వేన్ అన్న పేరు కూడా నిజం కాదని తేలింది.

ఆ సాయంత్రం గౌరి పద్మనాభం గారి ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. ఆయన భార్య విజయశ్రీ ఏడవలేదు.

"వాళ్లు నీ మొహం చూశారామ్మా?" అని మాత్రం అడిగింది.

"చూశారు పిన్నిగారూ."

ఆ తర్వాత గౌరి బ్లాకులు చూడటం మానేసింది. గ్యారేజీకి కొత్త తాళం, ముందు గుమ్మానికి కెమెరా పెట్టించింది. పిలుపులు కూడా తగ్గిపోయాయి.

మొన్న మధ్యాహ్నం ఎవరో ఫోన్ చేశారు. పేరు చెప్పలేదు. గొంతులో చాలా మర్యాద ఉంది. ఒక బ్లాకు చూడాలట.

"ఇప్పుడు చూడటం లేదండీ," అంది గౌరి.

"మీరు రానక్కర్లేదు మేడమ్. మీ ఇంటికే తెస్తాం."

ఫోన్ పెట్టేశాడు. అడ్రస్ అడగలేదు.