పడుగేదో, పేకేదో

మద్రాసులో విదేశీ చదువులకు మనుషుల్ని ఎంచే కమిటీవారు నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "మీది నేతపనివారి కుటుంబమేనా?" అవునన్నాను. అది నిజం. "అయితే మీకు నేత వచ్చునన్నమాట" అన్నారు కళ్లజోడు పెద్దమనిషి. ఆయన అడగలేదు, తేల్చేశారు. పెద్దల మాటకు ఎదురుచెప్పడం మర్యాద కాదని తలూపాను. పెద్దలపట్ల నేను చూపించిన మొదటి గౌరవం అదే.

ఏర్పాటు ఇది. ఇంగ్లండులో మిల్లులున్న ఒక ఊళ్లో నేత కాలేజీ ఉంది. అక్కడి విద్యార్థి ఒకడు వచ్చి ఆరు నెలలు మా ఇంట్లో ఉండి చేతిమగ్గం సంగతులు రాసుకుంటాడు. అతను తిరిగి వెళ్లాక బదులుగా నేను వెళ్లి ఆ కాలేజీలో ఏడాది చదువుతాను. మధ్యలో ఒక మెలిక ఉంది. నాకు నేత బాగా వచ్చునని అతను ఉత్తరం రాస్తేనే నాకు సీటు.

పటమటలో మా ఇంటి ముందుగదిలో బట్టల మూటలూ, వెనక పంచలో మూడు గుంటమగ్గాలూ ఉండేవి. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గాలవి. నాన్న నేసేవాడు, చిన్నాన్న నేసేవాడు, కూలికి వచ్చినాయన నేసేవాడు. నేను చదువుకునేవాణ్ని. చదువుకునేవాడు గుంటలో కాలు పెట్టనక్కర్లేదని నాయనమ్మ నా చిన్నప్పుడెప్పుడో అంది. ఆవిడ చెప్పిన వంద మాటల్లో నేను తు.చ. తప్పకుండా పాటించింది అదొక్కటే.

తెల్లవాళ్లు దేశం విడిచి వెళ్లిన మరుసటేడు మా తెల్లవాడు బెజవాడ స్టేషన్లో దిగాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి, చేతిలో నల్లట్ట నోటుబుక్కు. జట్కాలో కూర్చోగానే పెన్సిలు తీశాడు.

"మగ్గం మీద ముందుగా నిలువునా బిగించే నూలుని మీ భాషలో ఏమంటారు? అడ్డంగా, అటూ ఇటూ పరిగెత్తే నాడెలోంచి వచ్చేదాన్ని ఏమంటారు?"

పడుగూ పేకా అనే జంటమాట నేను పుట్టినప్పటినుంచీ వింటున్నదే. అందులో ఏది ఏదో అడిగి తెలుసుకోవలసిన అవసరం మాత్రం ఎప్పుడూ రాలేదు. "నిలువుది పేక, అడ్డంది పడుగు" అన్నాను గంభీరంగా. రెండే జవాబులున్న పరీక్ష బతుకులో ఎన్నిసార్లు వస్తుంది? అందులోనూ తప్పాను.

మూడో రోజు పొద్దున నాన్నా చిన్నాన్నా వీధిలో బారుగా పడుగు చాచి గంజి పెడుతున్నారు. దొర పుస్తకం చూసుకుని, గొంతు సవరించుకుని, వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"పేకకి గంజి బాగా పట్టిందాండీ?"

చిన్నాన్న చేతిలో కుంచె ఆగిపోయింది.

"పేకకి గంజేమిటండీ బాబూ? ఇది పడుగండీ" అన్నాడు నాన్న. "ఎవరు చెప్పారండీ మీకు?"

దొర నావైపు చూశాడు. నాన్న కూడా చూశాడు.

"వాడికి తెలిసిన పేక ఒకటేనండీ" అన్నాడు నాన్న, మళ్లీ గంజిలో చెయ్యి పెడుతూ. "కలుపుతాడు, పంచుతాడు, ఓడిపోతాడు."

నాన్నగారు ఏమంటున్నారని దొర నన్ను ఇంగ్లీషులో అడిగాడు.

"మీ ఉచ్చారణ చాలా బాగుందంటున్నారు" అని అనువదించాను.

జట్కా కుదుపుల్లో తనే తారుమారుగా రాసుకుని ఉంటానని దొర నాకు క్షమాపణ చెప్పుకున్నాడు. నేను క్షమించాను.

అతనికి మా ఇంట్లో ప్రతిదీ ఒక పాఠమే. నూతి దగ్గర గోచీ పెట్టుకుని చెంబుతో స్నానం చేస్తుంటే చుట్టుపక్కలవాళ్లు గోడ మీదనుంచి తొంగిచూసేవారు. విస్తరి ముందు మఠం వేసుక్కూర్చుంటే మోకాళ్లు చెవులదాకా వచ్చేవి. చాలంటే చాలదని, చెయ్యి అడ్డం పెడితే తప్ప నాయనమ్మ వడ్డన ఆపదని తెలుసుకోవడానికి అతనికి వారం పట్టింది, మాగాయతో రాజీ పడ్డానికి నెల పట్టింది. ఇంత ఇంట్లో అతను కుర్చీలో కూర్చున్నట్టు కాళ్లు వేలాడేసుకోగలిగిన చోటు ఒక్కటే, మగ్గం గుంట. కాళ్లనొప్పులు భరించలేక అందులో చేరాడు. చేరినవాడు ఊరికే ఉండలేక నేత నేర్చుకున్నాడు. మూడో నెలకల్లా చిన్నాన్న అతని గుడ్డని తిరగేసి చూసి, "ఫరవాలేదండీ" అన్నాడు. చిన్నాన్న నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు. నన్ను చూసి ఎప్పుడూ అన్లేదు.

వారానికొకసారి దొర అడిగేవాడు: "మీరు నేస్తుంటే ఎప్పుడు చూడొచ్చు?"

ఒకసారి మంగళవారమన్నాను. చదువుకున్నవాళ్లు మంగళవారం మగ్గం ముట్టకూడదన్నాను. ఇంకోసారి ఏకాదశి అన్నాను. రెండూ అయిపోయాక, ఇంట్లో పెద్దలుండగా కుర్రవాళ్లు మగ్గం ఎక్కకూడదు, అది మాలో ఆచారమన్నాను. దొర శ్రద్ధగా రాసుకుని కింద గీత కూడా గీశాడు. ఆ విధంగా, తరతరాలుగా పెద్దలు చేసిపెట్టిన ఆచారాలకు నేను మూడు చేర్చాను.

ఇంకో ఆరు వారాల్లో ప్రయాణమనగా ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర దొర నాయనమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. అప్పటికి తెలుగు బాగానే వచ్చేసింది.

"మామ్మగారూ, ఒక్కరోజు మీరు ఇల్లు వదిలి వెళ్తారాండీ?"

నెయ్యి వడ్డిస్తున్న నాయనమ్మ గరిటె గాల్లో ఆగింది.

"ఏం నాయనా? నావల్ల ఏమైనా తప్పు జరిగిందా?"

"లేదండీ. ఇంట్లో అందరికంటే మీరే పెద్దవారు కదండీ. మీరు ఇంట్లో ఉంటే ఈయన మగ్గం ఎక్కకూడదట. ఆచారమట. మీరు కూచిపూడిలో చుట్టాలింటికి వెళ్తే ఈయన నేస్తారు, నేను చూసి ఉత్తరం రాస్తాను."

నాన్న అన్నం కలపడం మానేశాడు. నేను విస్తరిలోని గోంగూరని చాలా శ్రద్ధగా పరిశీలించసాగాను.

"నేను ఊరెళ్లడం కాదు నాయనా," అంది నాయనమ్మ, "ఏకంగా పోయినా వాడు నెయ్యడు. వాడికి రాదు."

భోజనాలయ్యాక దొర అరుగు మీద నన్ను కూర్చోబెట్టి పుస్తకం విప్పాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే దానికేదో జోకు వేద్దామని సిద్ధంగా కూడా ఉన్నాను. అతను పెన్సిలు తీశాడు.

"మంగళవారం?"

"లేదు."

కొట్టేశాడు.

"ఏకాదశి?"

"లేదు."

కొట్టేశాడు. నాలుగైదు పేజీలు అలాగే సాగింది. నేను చేర్చినవి మూడే అనుకున్నాను గాని, లెక్క నాకే తప్పింది.

"పొద్దున్నే మగ్గానికి దణ్ణం పెట్టుకోవడం?"

"అది నిజమే."

పెన్సిలు అక్కడే ఆగింది. "ఎలా నమ్మాలండీ?" అన్నాడు. మళ్లీ తనే, "మీ నాన్నగారు పెట్టుకోవడం నేను చూశాను" అని ఆ వాక్యం ఉంచాడు. "ఇది మా కాలేజీలో ఇవ్వాలి. నా పరీక్ష ఇదే."

నా సీటు తప్ప ఈ ప్రపంచంలో ఇంకోటి పాడవగలదని నాకు అంతవరకూ తోచలేదు. సిద్ధం చేసుకున్న జోకు మింగేశాను. గోంగూర కంటే పుల్లగా ఉంది.

"నేను అబద్ధం రాయను" అన్నాడతను. "కానీ ఇంకా ఆరు వారాలున్నాయండీ."

మర్నాటినుంచి పటమటలో ఒక వింత మొదలైంది. సాలె ఇంట్లో పుట్టినవాడు గుంటలో, ఇంగ్లండువాడు గట్టున గురువు.

"ఎడమకాలండీ. కాదండీ, రెండో ఎడమకాలు."

"నాకున్నది ఒకటేనండీ!"

"అయితే దాంతోనే తొక్కండి."

పోగు తెగితే అతికేవాణ్ని, అతికింది తెగేది. గోడ మీది ప్రేక్షకులు పెరిగారు. నాన్న పంచలోంచి పోతూ ఒకసారి ఆగి, "తెల్లవాళ్లు వెళ్లిపోయారని పేపర్లో రాశారు. ఒకడు మనింట్లో పెత్తనం చేస్తున్నాడని ఎవరూ రాయలేదే" అన్నాడు. అయినా ఆ పెత్తనాన్ని ఎవరూ వద్దనలేదు, ముఖ్యంగా నాయనమ్మ. గురువుగారికి రోజుకో గ్లాసు మజ్జిగ ఎక్కువ పోసేది.

ఆరు వారాలకు ఒక తువ్వాలు దిగింది. పై అంచున మూరెడు వెడల్పు, కింది అంచున జానెడు. పక్క అంచులు ఏలూరు కాలవలా వంపులు తిరిగాయి.

"తుడుచుకోవడానికి పైనుంచి మొదలుపెడితే ముఖానికి వస్తుంది" అంది నాయనమ్మ దాన్ని ఎత్తి చూసి, "కిందికొచ్చేసరికి ముక్కుకే."

దొర ఉత్తరం రాసి, పోస్టు చేసేముందు నాకు చదివి వినిపించాడు. 'ఇతనికి నేత రాదు. నేర్చుకోవడం మొదలుపెట్టి ఆరు వారాలైంది. ఒక తువ్వాలు నేశాడు. దాన్ని ఇందుతోపాటు పంపుతున్నాను.'

ఉత్తరాన్ని ఓర్చుకున్నాను. తువ్వాలు మాత్రం వద్దని బతిమాలాను.

"రుజువు లేకుండా ఏదీ రాయకూడదని మీ దగ్గరే నేర్చుకున్నానండీ" అని అతను పొట్లం కట్టేశాడు.

అతను వెళ్లిపోయిన రెండు నెలలకు కాలేజీనుంచి జవాబొచ్చింది. ఆ రెండు నెలలూ నేను మగ్గం దిగలేదని చెప్పుకుంటే బాగుంటుంది. మంగళవారాలు దిగేవాణ్ని. ఇంట్లోవాళ్లందరూ చుట్టూ చేరితే కవరు చించి, తెలుగు చేస్తూ చదివాను. ఈసారి ఉన్నదున్నట్టే చేశాను.

'తువ్వాలు పరిశీలించాము. మీ వయసువారి తరగతిలో చేర్చుకోలేము. ఆరంభ తరగతిలో పద్నాలుగేళ్ల పిల్లల పక్కన కూర్చోవడానికి అభ్యంతరం లేకపోతే రావచ్చును. తరగతి రెండో అంతస్తులో జరుగును.'

చిన్నాన్న మీసం కింద నవ్వు దాచుకోవడం నాకు కనిపించింది.

"వెళ్తావా?" అన్నాడు నాన్న.

"వెళ్తాను."

"పద్నాలుగేళ్ల పిల్లలు నవ్వుతార్రా."

"నవ్వనీ నాన్నా. ఇక్కడ గోడెక్కి నవ్వినవాళ్లలో అరవయ్యేళ్లవాళ్లు కూడా ఉన్నారుగా."

నాన్న ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాయనమ్మకే దిగులు పట్టుకుంది. "వీధిలో అడిగితే ఏం చెప్పాలిరా?" అంది.

"పై చదువులకి వెళ్తున్నానని చెప్పు."

"మళ్లీ అబద్ధమా!"

"రెండో అంతస్తు, నాయనమ్మా. అంతకంటే పై చదువు ఎక్కడుంటుంది?"