కొత్తకోటలో గిర్ని బేరం

మా కేతేపల్లిలో మా వాడకు దగ్గరున్న గిర్ని మూతపడి చాలా కాలమైంది. జొన్నలు పిండి పట్టించుకోవాలంటే మేం నకిరేకల్ పోతాం. నేను రోజూ అక్కడికి పోతాను కాబట్టి మా వాడకట్టు డబ్బాలన్నీ నా బండి మీదే పోతాయి. నకిరేకల్‌లో ఒక రైసుమిల్లులో, లారీలు తూచే కాంటా దగ్గర నా ఉద్యోగం. ఈ మధ్య యజమాని కొడుకు మిల్లు చూసుకోవడం మొదలుపెట్టాడు. నా పేరు గుర్తుండక నన్ను "ఏయ్ కాంటా" అని పిలుస్తున్నాడు. పిలిస్తే పలుకుతున్నాను. అలా కొన్నాళ్లు పలికాక ఒక సాయంత్రం ఇంటికొచ్చి, ఇక ఎవరి కిందా పని చేయను, మనమే గిర్ని పెట్టుకుందాం అని నా భార్య సుగుణతో అన్నాను. నేనన్నది కోపంలో. ఆమె దాన్ని పనిగా తీసుకుంది. వారం తిరక్కుండా, కొత్తకోటలో ఒకాయన తన గిర్ని అమ్ముతున్నాడని కనుక్కొని వచ్చింది.

శనివారం సెలవు పెట్టాను. గిర్ని నచ్చితే బయానా ఇవ్వాలి, ఆదివారం అది మా ఇంటికి చేరాలి, సోమవారం నేను మిల్లుకు వెళ్లి ఉద్యోగం మానేస్తున్నానని చెప్పాలి. చెప్పాల్సిన మాటలు దారంతా నెమరేసుకోవచ్చు కదా అని దూరప్రయాణానికి సంతోషించాను.

తెల్లవారుజామున ఆటోలో నకిరేకల్, అక్కడి నుంచి నల్లగొండ. ఆరింటికి దేవరకొండ బస్సు దొరికింది. సుగుణ ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ తీసుకొని కిటికీ పక్కన కూర్చుంది. నేను డబ్బులిచ్చి టికెట్ కొని ఆమె సంచీ ఒళ్లో పెట్టుకున్నాను. ప్రయాణం పొడుగునా ఇదే వరస. ఈ దారిన వెళ్లే ఆడవారు ఆధార్ మరచిపోకూడదు, మగవారు చిల్లర మరచిపోకూడదు.

దేవరకొండలో బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ గురించి ఏమీ చెప్పను. అక్కడ కల్వకుర్తి బస్సెక్కాం. డిండి దగ్గర గొంగడి భుజాన వేసుకున్న ఒక గొర్రెల కాపరి ఎక్కి నా పక్కన కూర్చున్నాడు.

"యాడిదాంక?" అన్నాడు.

"కొత్తకోట దాక. గిర్ని కొంటానికి పోతున్నం. నౌకరి ఇడిసిపెడుతున్న. ఇగ ఎవరి కింద పని చెయ్య" అన్నాను. కొత్తవాళ్లతో ఈ మాట అనడం తేలిగ్గా ఉంది.

"నేను గూడ ఎవరి కింద చెయ్య. గొర్లు ఏ దిక్కు పోతే గా దిక్కు పోత" అన్నాడు. అందులో గొప్పా లేదు, బాధా లేదు. కల్వకుర్తి రాకముందే ఒక చేను పక్కన బస్సు ఆపించుకొని దిగిపోయాడు.

కల్వకుర్తిలో చాయ్. జడ్చర్లలో మళ్లీ చాయ్, ఎందుకంటే బస్సు రాలేదు. బెంగళూరు రోడ్డు మీద బస్సులు చాలానే పోతాయి, మన కోసం ఆగేవి తక్కువ. అటూ ఇటూ పత్తి చేన్లు, నడుమ నడుమ గుట్టలు చూస్తూ పన్నెండు దాటాక కొత్తకోటలో దిగాం.

గిర్ని వెతుక్కోవాల్సిన పని పడలేదు. చప్పుడును బట్టి వెళ్లాం. అమ్మే మనిషి పేరు ఆంజనేయులు. కనుబొమ్మల దాకా పిండి. గుమ్మం ముందు డబ్బాలు వరుసగా ఉన్నాయి గానీ మనుషులు లేరు. డబ్బా పెట్టి ఇంటికి పోతారట, ఎవరి డబ్బానూ ఎవరూ ముందుకు జరపరట.

"మంచిగ నడుస్తున్న గిర్ని. ఎందుకన్నా అమ్ముడు?" అని అడిగాను.

"జడ్చర్ల దిక్కు కంపెనీల వాచ్‌మెన్ నౌకరి దొరికింది తమ్మీ. నెలనెలా జీతం. వారానికి ఒక సెలవు." సెలవు అన్నప్పుడు ఆయన ముఖం వెలిగింది.

"ఇన్ని దినాలు సెలవు లేకుండెనా?"

"ఉండె. కరెంటు పోయినప్పుడు. తెలంగాణ వచ్చినంక అది గూడ పోతలేదు."

తరువాత నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "తమ్మీ, సెలవు ఎట్ల అడగాలె?"

ఆయన జీవితంలో ఎవరినీ సెలవు అడగలేదు. నాకు తెలిసిన విద్య కాబట్టి చెప్పాను. తలుపుకు ఎదురుగా కాకుండా ఓరగా నిలబడాలి. సారు ఫోను పెట్టేసేదాకా ఆగాలి. "జర" అనే మాటతో మొదలుపెట్టాలి. ఆయన నిలబడి, "సార్, జర ఇంటికాడ పనుంది!" అన్నాడు. గిర్ని చప్పుడులో మాట్లాడే అలవాటు వల్ల అది వీధి చివరిదాకా వినబడింది. నెమ్మదిగా అడగాలని నేను అడిగి చూపించాను. చూపిస్తుంటే సిగ్గేసింది. ఈ పని నాకింత బాగా వచ్చని అప్పటిదాకా తెలియదు.

"ఇగ నువ్వు నడిపి చూడు" అన్నాడు ఆంజనేయులు. జొన్నలు పోశాను, పిండి పట్టాను. ఒక డబ్బా అయింది, రెండోది అయింది. మూడోది సగంలో ఉండగా మోటారు ఆపి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను.

ఆయన పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? బెల్టు తెగిందా?"

"ఒంటిగంటైంది గదన్నా. బువ్వ యాళ్ల" అన్నాను. మా మిల్లులో ఆ వేళకు సైరన్ మోగుతుంది. ఇక్కడ మోగకపోయినా నా కడుపులో మోగింది.

అదే సమయానికి రోడ్డవతల కడుతున్న బిల్డింగు నుంచి కూలి పనిచేసే ఆడవాళ్లు జొన్నల డబ్బాలతో వచ్చారు. "మాకు ఇడిసేది గీ ఒక్క గంట. గిర్ని ఆపితె ఎట్లనయ్యా?" అంది ముందున్నామె. ఆ గంటలో కూలివాళ్ల డబ్బాలు వరుస దాటి ముందు పట్టడం అక్కడి పద్ధతి. ఇంటివాళ్ల డబ్బాలు ఆగుతాయి, ఎవరూ ఏమీ అనరు.

నేను తడిచేతులతో నిలబడి ఉన్నాను. అప్పటిదాకా పక్కన నిలబడి అన్నీ చూస్తున్న సుగుణ కొంగు దోపుకొని మోటారు నొక్కింది. సగంలో ఉన్నదాన్ని ముగించి, వాళ్ల డబ్బాలు ఒక్కొక్కటే తీసుకుంది. పిండిని వేళ్ల మధ్య నలిపి చూసి, బరకగా ఉందని రాళ్లు కొంచెం బిగించింది. "నీ రొట్టెకు గిది సాలా?" అని ఒక్కొక్కరినీ అడిగింది. ఆ తరువాత ఆంజనేయులు నాతో మాట్లాడలేదు. బెల్టు సంగతి, అరిగిన రాళ్లకు ఉలితో కక్కు కొట్టే సంగతి అన్నీ "చెల్లె, చెల్లె" అంటూ ఆమెకే చెప్పాడు. బయానా ఆమే ఇచ్చింది. నేను బల్ల మీద కూర్చొని, తెచ్చుకున్న పెరుగన్నంలో నా సగం తిన్నాను.

మూడింటికి తిరుగు బస్సు. గిర్నిని ట్రాలీలో వేసి రాత్రికే పంపిస్తానని, పొద్దున్నకల్లా చేరుతుందని ఆంజనేయులు మాటిచ్చాడు. జడ్చర్ల దాటాక సుగుణ తన సగం పెరుగన్నం తింటుంటే, సోమవారం మిల్లులో చెప్పబోయే మాటలు ఆమెకు వినిపించాను.

"చెప్పకు. నౌకరి మానకు" అంది.

"ఎందుకు?"

"గిర్ని నేను నడుపుత. నువ్వు కాంటా కాడ మంచిగనే పనిచేస్తవు. నీకు కష్టమైంది పని గాదు, గా పిలుసుడు. గది వేరే, గిది వేరే. పేరు పెట్టి పిలువుమని చెప్పు. ఆదివారం వచ్చి నా కాడ చెయ్."

కోపం రావాల్సిన చోట నాకు పెద్ద బరువు దిగినట్టయింది. ఉద్యోగం మానాలంటే నాకు భయంగా ఉండింది, అది నాకన్నా ముందు ఆమె కనిపెట్టింది. ఆమె మీద ప్రేమ కలిగింది. బస్సులో జనం ఉన్నారు కాబట్టి మంచినీళ్ల సీసా అందించాను.

దేవరకొండ దగ్గరికొస్తుండగా యజమాని కొడుకు ఫోను. "ఏయ్ కాంటా, రేపు ఆదివారమైనా లారీలొస్తున్నయ్. పొద్దుగాలనే రా."

"నా పేరు యాదగిరి సార్" అన్నాను.

"ఏ యాదగిరి?"

"కాంటా యాదగిరి. రేపు రాలేను సార్. ఇంకో కాడ పనికి కుదిరిన."

"యాడ?"

"మా ఇంట్ల. ఆదివారాలకు."

"సరే, సోమవారం రా" అన్నాడు. చివర ఏ పేరూ తగిలించలేదు. అదే నయమనుకున్నాను.

ఫోను జేబులో పెట్టుకున్నాను. అడగకుండా, ఓరగా నిలబడకుండా రానని చెప్పాను. ఉద్యోగం మానడానికి బయలుదేరినవాణ్ని రెండు ఉద్యోగాలతో ఇంటికి పోతున్నాను.

"రేపు ఆరింటికల్లా లేవాలె. ట్రాలీ వస్తది, దించాలె" అంది సుగుణ.

"సరే" అన్నాను. పని చెప్పినవాళ్లతో ఆ మాట ఇష్టంగా అనడం నాకు అదే మొదటిసారి.