పదకొండు కుక్కల చిరునామా

“సూడు బావా, మల్లీ సముద్రంలో పడ్డాది! పూర్ణా మార్కెట్ కుక్కని ఓడెక్కించీసింది ఈ ఫోను.”

అప్పలసూరి బొటనవేలు మందం. మ్యాపు మీది ఎర్ర గుర్తును మార్కెట్ సందులో పెట్టబోతే జారి హార్బరు నీళ్లలో పడింది. లాగాడు. ఈసారి రైలు పట్టాల మీదికెళ్లింది. ఫోనును బల్ల మీద బోర్లా పడేసి, మళ్లీ తనే తీసుకున్నాడు.

పెందుర్తి దాటాక ఉన్న ఈ షెడ్డులో వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేస్తారు. వలేసి వాటిని పట్టి తేవడం, కోత మానాక పట్టినచోటే వదిలిరావడం అప్పలసూరి పని. ఊళ్లో ఎడ్లు తోలిన మనిషి, తొమ్మిదేళ్లుగా ఇందులో ఉన్నాడు. నేను వారానికోసారి వచ్చి అతని కబుర్లు వింటూ కూచుంటాను.

పట్టినచోటే కుక్కకు ఫొటో తీస్తాడు. తీసిన చోటు ఫొటోతోపాటే నమోదైపోతుంది. పోయినవారం కొత్త ఫోనిచ్చారు. అందులో లొకేషన్ ఆన్ చెయ్యాలని ఎవరూ చెప్పలేదు. సాయంత్రం షెడ్డుకొచ్చి ఫొటోలు ఎక్కిస్తే, యాప్ అన్నింటికీ షెడ్డు చిరునామాయే వేసేసింది.

“పదకొండూ ఈ షెడ్డులోనే పుట్టీసాయంట! ఆఫీసులో కంప్యూటర్ సూసే సత్యశ్రీ మేడం ఒకటే నవ్వు. రేపు పొద్దున్న బోన్లు కాలీ సెయ్యాలి. దేన్ని ఎక్కడ ఒగ్గీవాల నాను?”

“నీకు గుర్తుంటాయి కదా?”

“పదింటివి గేపకమున్నాయి. ఈ నల్లోడి ఎనకాల ఉల్లి బస్తాలు సూడు. ఈ కుంటిది టీకొట్టు బెంచీ కింద పడుకునేది.”

అలా వెనకాల కనబడే షట్టర్లు, బస్తాలు చూసుకుంటూ ఒక్కొక్కటే సరిచేశాడు. గంటన్నర పట్టింది. ఒకసారి సేవ్ నొక్కడం మరిచి మూడింటిని మళ్లీ మొదట్నించీ చెయ్యాల్సొచ్చింది. అప్పుడతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

పదకొండోది గోధుమరంగు ఆడకుక్క. వెనక సగం నీలం గోడ, అంతే.

“కంచరపాలెమే, అది గేపకమే. ఏ సందో తెల్దు. ఆవేళ మూడు సందులు తిరిగాం. పట్టినప్పుడు కరవనేదు బావా ఇది, తోకాడించింది. ఎవలో రోజూ అన్నం పెడతన్నారు దీనికి.”

“ఆ మూడింట్లో ఏదో ఒకదాంట్లో వదిలేస్తే?”

ఎప్పుడూ లేంది నా మీద కసిరాడు. “సందు మారితే అక్కడి కుక్కలు పీకీవా? ఒంట్లో ఇంకా బలమే రానేదు దానికి. నువ్వెల్లి అడ్డం పడతావేటి?”

అతను ఫోనులో కాసేపు కుస్తీ పట్టి ఆ ఫొటో నాకు పంపాడు.

“ఇంటికెల్లేది కంచరపాలెం మీంచే కదా నువ్వు? అక్కడ దిగీ. నాను ఈటికి మందులెయ్యాలి, కదల్లేను. మూడు సందుల్లోనూ ఈ ఫొటో సూపించు. మా కుక్కని ఎత్తుకుపోయింది నువ్వేనా అని ఎవలైనా మీదికొస్తే పారిపోకు. బాగా తిట్టినోల్ల గుమ్మంలోనే నిలబడి నాకు లొకేషన్ పెట్టు. ఎల్లు బావా, బస్సు పోతాది.”