బాబాయి ట్యాంకులో మైలుతుత్తం పోసిన చేతికి

నిన్న పొద్దున్న తునిలో, స్కూల్లో సెకండ్ పీరియడ్ చెబుతుండగా పాలకొల్లు నుంచి లక్ష్మి పిన్ని ఫోన్.

"మీ బాబాయి లేవట్లేదమ్మా" అంది.

అంతే.

చాక్‌పీస్ చేతిలో పట్టుకునే వచ్చేశానని బస్సు ఎక్కాక గానీ తెలియలేదు.

నిద్రలోనే హార్ట్ ఎటాక్. సత్యం బాబాయి ఇక లేడు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా నాన్నకి తమ్ముడు. పాలకొల్లులో కళ్ళజోళ్ళ షాపు. పిల్లలు లేరు. ఇంటి హాల్లో గోడ పొడుగునా ఒక రీఫ్ ట్యాంకు. మామూలు చేపల తొట్టె కాదు. సముద్రపు ఉప్పు కలిపిన నీళ్ళు, అందులో బతికున్న పగడాలు, నత్తలు, వేలెడంత రొయ్యలు, ఒక జత నారింజ రంగు చేపలు.

ఆ నీళ్ళకి ఎప్పుడూ టెస్టులే. ఆల్కలినిటీ, క్యాల్షియం, ఫాస్ఫేట్. గాజు గొట్టంలో నీళ్ళు పోసి చుక్కలు వేస్తే రంగు మారుతుంది. ఆ రంగుని కార్డు మీద గడులతో పోల్చి చూడాలి.

షాపులో ఎవరైనా కొత్త కళ్ళజోడు పెట్టుకోగానే బాబాయి ఇంటి నుంచి తెచ్చిన ఆ గొట్టం, కార్డు చేతికిచ్చేవాడు. "ఇది ఏ గడిలో ఉందో కాస్త చూసి చెప్పండి."

పాపం, అదీ కంటి పరీక్షే అనుకుని జనం శ్రద్ధగా చెప్పేవాళ్ళు.

నీళ్ళలో ఏది తగ్గినా ఒక్కసారిగా పెంచేవాడు కాదు. "తొందరపడితే పగడం చచ్చిపోద్దే. రోజూ కొంచెం, కొంచెం" అనేవాడు. మనుషులతో కూడా అంతే. గట్టిగా మాట్లాడి ఎరగడు.

నేను అలా కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా నాన్నకి అన్న కూడా ఉన్నారు. పెదనాన్న. చేపల చెరువులున్నాయి. బాబాయి పక్కిల్లే.

ఒక వేసవిలో ట్యాంకులో రాళ్ళ మీద జుట్టులా పచ్చటి పాచి పట్టింది. బాబాయి కంగారు పడలేదు. "పాచిని చంపడం కాదు, దాని నోటికాడ కూడు తీసెయ్యాలి" అని చేపల మేత తగ్గించాడు. టూత్ బ్రష్ పట్టుకుని రాళ్ళు తోమాడు. పాచికి మేతయ్యే ఫాస్ఫేట్ మెల్లగా దిగుతోంది, పాచి సగం పోయింది.

అప్పుడే పిన్నితో తిరుపతి వెళ్తూ ఇంటి తాళం పెదనాన్నకి ఇచ్చాడు.

చెరువులో పాచి ఎక్కువైతే పెదనాన్న మైలుతుత్తం వేయిస్తారు. ఇక్కడా అదే చేశారు. మగ్గులో కలిపి పోసేశారు.

మైలుతుత్తంలో ఉండేది రాగి. చేప ఎలాగో తట్టుకుంటుంది. పగడం, నత్త, రొయ్య తట్టుకోలేవు.

వీళ్ళు తిరిగొచ్చేసరికి పాచి పోయింది. దాంతోపాటు చేపలు తప్ప అన్నీ పోయాయి.

"పాచి పోయిందా లేదా? చేపలు బాగానే ఉన్నాయి కదరా. ఇంకేం కావాలి నీకు?" అన్నారు పెదనాన్న.

రాగి రాళ్ళలోకి ఇంకిపోతే ఎన్నిసార్లు నీళ్ళు మార్చినా వదలదు. బాబాయి రాళ్ళన్నీ పారేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. చచ్చిన పగడాలు ఒక్కొక్కటీ చేత్తో ఏరుతుంటే పక్కనే ఉన్నాను.

ఆ రోజు నుంచి నాకు పెదనాన్న మీద మంట. తెలియక చేశారు, సరే. "తప్పయిందిరా" అంటే చల్లారిపోయేదే. అనలేదు సరికదా, ప్రతి పెళ్ళి భోజనాల దగ్గరా అదో జోకు. "మా తమ్ముడికి పాచి వదిలించింది నేనేనండీ!"

అందరూ నవ్వేవాళ్ళు. బాబాయి కూడా తల వంచుకుని నవ్వేవాడు.

నిన్న సాయంత్రం బాబాయిని సాగనంపి, మగవాళ్ళు స్నానాలు చేసి వచ్చారు. మా ఇళ్ళల్లో మనిషి పోతే నిల్వ నీళ్ళు ఉంచరు. బిందెలు, బకెట్లు పారబోసి ఇల్లు కడుగుతారు. మేం ఆ పనిలోనే ఉన్నాం.

పెదనాన్న తన చెరువు పనివాళ్ళకి ట్యాంకు చూపించారు.

"పైపేసి ఆ తొట్టె కూడా ఖాళీ చేసెయ్యండ్రా."

పైపు నీళ్ళలో పడనే పడింది. లాగి అవతల పారేశాను.

"దాని మీద చెయ్యేస్తే ఊరుకోను పెదనాన్నా."

"పెద్దోళ్ళకి ఎదురు చెప్తావేంటే? ఇది ఆచారం."

పొద్దుటి నుంచి మూలన కూర్చున్న పిన్ని లేచి వచ్చింది.

"అవి నిల్వ నీళ్ళు కావండి బావగారూ. అందులో ప్రాణాలున్నాయి. ఒకసారి చంపారు, చాలు."

పెదనాన్న తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

నాకది సరిపోదు.

పెదనాన్నా, ఈ పోస్ట్ మీ అబ్బాయి చదివి వినిపిస్తాడు. వినండి.

పెద్దకార్యం భోజనాలు ఆ హాల్లోనే. మీ విస్తరి సరిగ్గా ట్యాంకు ఎదురుగా వేయిస్తాను. లైట్లన్నీ వేసి మరీ. ఇంటికి పెద్దవారు, పంక్తి మధ్యలో లేచి వెళ్ళడానికి కుదరదు. తమ్ముడంటే మీకెంత ప్రాణమో మీరు చెప్పుకోండి. తర్వాత నేను లేచి మైలుతుత్తం సంగతి జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇక మీదట ప్రతి పెళ్ళిలోనూ చెబుతాను. మీ మనవరాలి పెళ్ళిలో కూడా.

ట్యాంకు ఎక్కడికీ పోదు. పిన్ని చూసుకుంటానంది. సెలవు దొరికినప్పుడల్లా నేను వస్తాను.

"పెద్దాయన, క్షమించెయ్యమ్మా" అని దయచేసి ఎవరూ కామెంట్ పెట్టకండి. డిలీట్ చేస్తాను.

బాబాయ్, వెళ్ళిరా అనడానికి నోరు రావట్లేదు.

నీ మనసుకి ఇకనైనా శాంతి దొరకాలి.

నేను బతికుండగా పెదనాన్నకి మాత్రం దొరకదు.