సదానందం మణికట్టు

కంపెనీ ఖర్చుతో బ్యాంకాక్ పోయిన డీలర్లు అక్కడ ఏమేం చూసి వచ్చారో పెళ్లాలకు చెప్పరు. మా సదానందం మాత్రం గోల్ఫ్ చూసి వచ్చానని ధైర్యంగా చెప్పాడు. వనమాల వదిన నమ్మలేదు. సంచిలోంచి మూతి వాలుగా ఉన్న ఇనుప కర్ర బయటపడ్డాక కొంచెం నమ్మింది. దాన్ని వెడ్జ్ అంటారట.

స్టేషన్ ఘన్‌పూర్‌లో అతనిది విత్తనాల కొట్టు, నాది పక్కనే పురుగుమందుల కొట్టు. ఇళ్లకు కూడా గోడ ఒకటే. బ్యాంకాక్‌లో నేనూ ఉన్నాను కాబట్టి అసలు సంగతి నాకు తెలుసు. అక్కడ గుంతకు దగ్గరి నుంచి బంతిని కొంచెం లేపి, పచ్చిక మీద వేసి దొర్లించే చిన్న దెబ్బ ఒకటి కొట్టమన్నారు. దాని పేరు చిప్. "చిర్రగోనెల మా వాడకట్టుకు నేనే రాజును" అంటూ, చిన్నప్పటి గిల్లీదండా ధీమాతో సదానందం ముందుకు పోయాడు. మట్టిపెళ్ల లేచింది గానీ బంతి కదల్లేదు.

గుంటూరు డీలర్ పానకాలరావు కడుపు పట్టుకుని, "ఏందన్నో, గిట్ల జేసినవ్! మక్కజొన్నలు పెడుతున్నవా?" అని మా యాసను వంకరగా పలికాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. సదానందం వచ్చే ఏడు డీలర్ల మీటింగ్ హైదరాబాద్‌లో, అదీ గోల్ఫ్ మైదానంలోనే అని తెలిసి ఆ కర్ర కొన్నాడు. పానకాలరావు చూస్తుండగా ఒక్క దెబ్బ సరిగ్గా పడాలి. అతనికి కావలసింది అంతే.

దానికి వదిన పెరడు బలైంది. మెంతిమడి పోయింది, పుంటికూర పోయింది.

"ఏంది గిది?" అంది వదిన.

"చిప్పింగ్."

"గిట్లనే ఆడు, చేతికి చిప్పనే వస్తది."

బంతి లేచేది కాదు. లేస్తే ఆగేది కాదు, గోడ దాటి వచ్చి మా బర్రె డొక్కలో తగిలేది. బర్రె పాలు ఎగ్గొట్టింది. బరువు ముందు కాలి మీద పెట్టు, చేతులు బంతి కంటే ముందుంచు, మణికట్టు తిప్పకు, కిందికే కొట్టు అని ఫోన్‌లో వీడియోలు మొత్తుకునేవి. అన్నీ విని, గుంతలోంచి చిర్రను ఎగరేసినట్టు మణికట్టు ఎగరేసేవాడు. చిన్నప్పుడు అబ్బిన ఆ విసురే అతనికి శని.

"కిందికి కొడ్తె మీదికెట్ల లేస్తదిరా? లేపాలె గదా!" అని నాతో కొట్లాట.

ఒకనాడు తన బంతి మీదే కాలేసి జారి పడ్డాడు. మణికట్టు బెణికింది. చిట్యాలలో నాటు కట్లు కట్టేవాళ్ల దగ్గరికి పోయి, మోచేతి నుంచి అరచేతి దాకా వెదురుబద్దలతో కట్టు కట్టించుకొచ్చాడు. కట్టుకు పూసిన కోడిగుడ్డు సొన వాసనకు పిల్లులు వెంటపడ్డాయి. పీడ విరగడైందని వదిన, నేను, బర్రె సంతోషించాం. నొప్పి తగ్గిందో లేదో, కట్టుతోనే కర్ర పట్టాడు. మణికట్టు వంగదు కాబట్టి విసురు లేదు, కర్ర కిందికే వచ్చింది. దాని వాలు మూతి మీంచి బంతి తనంతట తనే లేచి, మెల్లగా దిగి, దొర్లి ఆగింది.

"వనమాలా! లేచిందే!" అని అరిచాడు. ఆ అరుపుకు వాడకట్టు ఏమనుకుందో నేను రాయను.

మీటింగ్‌కు ముందు కట్టు విప్పక తప్పలేదు. చెయ్యి మళ్లీ పాత విసురు విసురుతుందేమోనని అతనికి అన్నం సహించలేదు. నాకూ భయంగానే ఉండింది.

హైదరాబాద్‌లో సరిగ్గా అతని వంతు వచ్చేసరికి బిర్యానీ మూతలు తీశారు. డీలర్లంతా అటు పరుగెత్తారు. మైదానంలో మేమిద్దరం మిగిలాం. కొంచెం అవతల, తెగిన చెప్పు చేత పట్టుకుని పానకాలరావు కుంటుతున్నాడు. సదానందం కర్ర ఆడించాడు. మణికట్టు వంగలేదు. బంతి లేచి, పచ్చిక మీద దిగి, దొర్లుతూ పోయి గుంత అంచున ఆగింది.

చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు. నేనొక్కణ్ణే కొట్టాను. ఎందుకో ఏడుపొచ్చింది.

పానకాలరావు దగ్గరికి వచ్చాడు. "సదానందం గారూ, ఎలా లేపారండీ?" అన్నాడు. గొంతులో వెటకారం లేదు.

ఇలాంటి రోజు కోసం సదానందం ఏడాదిగా తిట్లు పోగేసుకున్నాడు. కొన్ని నేనే అందించాను. ఇప్పుడు తిడతాడని చూస్తున్నాను. అతను ఇంకో బంతి తెచ్చి పానకాలరావు కాళ్ల ముందు పెట్టి, కర్ర చేతికిచ్చాడు.

"లేపొద్దన్నా. కిందికి కొట్టు. అదే లేస్తది."