తక్కువ అంకెకే నీళ్లు

ఆమెను అందరూ రాయక్క అనేవారు. పద్దెనిమిదేళ్లప్పుడు కూరగాయల బజారులో ఒంటిమీద చెయ్యి వేసినవాడి దవడను తూకపు రాయితో పగలగొట్టింది. పేరు అప్పుడు అంటుకుంది, వదలలేదు.

భర్త పోయాక ఆమెకు అరెకరం టమాటా తోట మిగిలింది. పక్క అరెకరంలో మరిది చిక్కుడు. రెంటికీ బావి ఒకటే, అందులో ఊరే నీళ్లు రోజుకు ఒక తోటకే సరి. వంతుల దగ్గర ఏటా రక్తం కళ్లజూసేవారు. ఒక ఏడు అతను ఆమె మొక్కలు తొక్కేశాడు. ఆమె అతని చెవి కొరికింది, తమ్మె ఊడి వచ్చింది.

మోటార్లు బాగుచేసే మేస్త్రి విసిగిపోయి మట్టిలో కడ్డీలు గుచ్చి తడి కొలిచే తేమ మీటరు చెరొకటి తెచ్చిచ్చాడు. "ఒకరి మాట ఒకరు నమ్మి చావరు. మట్టి మాటన్నా నమ్మండి. పొద్దున్నే ఎవరి అంకె తక్కువుంటే ఆ రోజు నీళ్లు వాళ్లవి."

ఒప్పుకున్నారు. మొదటి రోజు నుంచీ ఆమెది పన్నెండు. మరిది చిక్కుడు పద్దెనిమిది, పదిహేడు, పదహారుకు దిగింది. ఆమెది పన్నెండే. నీళ్లు రోజూ ఆమెకే. చిక్కుడు పూత రాలిపోయింది.

తొమ్మిదో రోజు పొద్దున అతను వచ్చి ఆమె వైపు వాల్వు కట్టేశాడు.

"ఏం వదినా, నీ మట్టికేమన్నా దాహం జబ్బా?"

"నా మొహం కాదు, అంకె చూడు."

"చూశాలే. ఇవాళ వాల్వు ముట్టుకుంటే చెయ్యి ఉండదు."

"ఎవరిది?"

చేతిలో ఉన్న పానాతో కొట్టింది. వాల్వు మీదున్న అతని వేళ్లు రెండు ఎండుపుల్లల్లా విరిగాయి. అతను రెండో చేత్తో ఆమె జుట్టు పట్టి ఈడ్చి, మోకాలు వీపున మోపి, మొహాన్ని టమాటా సాలులోకి అదిమాడు. నోట్లోకి, ముక్కులోకి మట్టి దిగింది.

ఆమె గింజుకోవడం మానేసింది. పోయిందేమోనని హడలి అతను పట్టు వదిలాడు.

పోలేదు. నాలుక మీది మట్టిని గమనిస్తోంది. చల్లగా, జిగటగా, కుళ్లు కంపు. పన్నెండు అంకె మట్టి ఇలా ఉండదు.

పాక్కుంటూ పోయి మీటరు లాగింది. బిగువే లేదు, ఊరికే చేతిలోకి వచ్చింది. కొత్త వస్తువు, కడ్డీలు గీసుకుపోతాయని ముందు గడ్డపారతో వెడల్పాటి గుంట చేసి, అందులోకి మెల్లగా దించింది ఆమే. కడ్డీలకు మట్టి తగలనే లేదు. ఇన్నాళ్లూ అది కొలిచింది గుంటలోని గాలిని.

ఒక మొక్క పెరికింది. నీళ్లెక్కువై వేరు నల్లగా చీకిపోయింది. ఇంకొకటి. అదీ అంతే.

"తప్పు నాదే," అంది, రక్తం కలిసిన బురద ఉమ్మి.

"ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడేగా మట్టి తిన్నది."

అతను వేళ్లకు తువ్వాలు చుట్టుకుంటున్నాడు. ఆమె లేచి వాల్వును చిక్కుడు వైపు తిప్పింది.

"పో, కట్టు కట్టించుకో. నీళ్లు నే చూస్తా."

"నిన్ను నమ్మి పోవాలా?"

గట్టు మీద కూలబడ్డాడు. వేళ్లు వంకాయల్లా ఉబ్బుతున్నా, ఆఖరి సాలు తడిసేదాకా అక్కణ్నుంచి లేవలేదు.