దుబాయి నుంచి మూడున్నర గంటలు

దుబాయి నుంచి హైదరాబాద్‌కు గాలిలో రెండు వేల అయిదు వందల కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. విమానానికి మూడున్నర గంటలు పడుతుంది. శంషాబాద్‌లో దిగి సిద్దిపేట చేరడానికి ఇంకో నూట ముప్పై కిలోమీటర్లు, కారులో మూడు గంటలు. ఈ లెక్క నన్ను కన్న అవ్వ శవం పక్కన కూర్చొని మా పెద్దనాయినకు చెప్పాను. బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని; ఏ పిల్లలకూ అంత జాగ్రత్తగా చెప్పలేదు.

అది 2011, ఎండలు మొదలైన రోజులు. అవ్వ ముందటి సాయంత్రం పోయింది. ఆమెకు ఒక్కడే కొడుకు, నా తమ్ముడు. దుబాయిలో క్రేన్ నడిపేవాడు. "నేనచ్చి మొకం సూసేదాక అవ్వను లేపనియ్యకు అక్కా" అని ఫోనులో ఏడ్చాడు. మాటిచ్చాను. విమానం అక్కడి గడియారంలో తెల్లారి నాలుగున్నరకు, అంటే మనకు ఆరింటికి. తొమ్మిదిన్నరకు దిగాలి. తొమ్మిదిన్నరకే దిగాడు. ఒంటిగంటకల్లా ఇంట్లో ఉంటాడని అందరికీ చెప్పాను.

ఆ రోజు తెలంగాణ బంద్. ప్రజ్ఞాపూర్ దగ్గర నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. తమ్ముడి కారు అక్కడ ఆగిపోయింది. వాడు ఫోను చెవి నుంచి తీయకుండానే వాళ్లను బతిమాలుతుంటే నాకు వినబడుతూనే ఉంది.

"మా అవ్వ సచ్చిపోయిందే అన్నా, జర ఇడువున్రి."

"పొద్దటిసంది కార్లల్ల వచ్చినోళ్లందరికీ ఎవలో ఒగలు సచ్చే ఉన్నరు తమ్మీ. దిగు, రెండు ముద్దలు తిను. తెలంగాణ నీగ్గూడ అస్తది గదా."

మా వాకిట్లో మాత్రం ఎవరూ ముద్ద ముట్టలేదు. శవం లేచేదాకా పాలోళ్లు, అంటే దాయాదులు, తినకూడదు. మూడింటికి పెద్దనాయిన కండువా దులుపుకొని లేచాడు.

"సముద్రం దాటనీకె మూడున్నర గంటలంటివి. ప్రజ్ఞాపూర్ దాటనీకె ఎన్ని గంటలు బిడ్డా? గది నీ లెక్కల పుస్తకంల లేదా?"

"పొద్దు గూకేది ఆరున్నరకు పెద్దనాయినా. అయిదున్నర దాక ఆగున్రి, నీ కాళ్లు మొక్కుత."

"పొద్దు గూకినంక కాష్టం అంటియ్యరాదు. గీడ సగం మందికి షుగరున్నది, కండ్లు తిరుగుతున్నయ్. ఇగ లేపున్రి."

మూడుంబావుకు లేపారు. కొరివి పెద్దనాయిన కొడుకు పెట్టాడు.

తమ్ముడు కారు వదిలేసి కొంత దూరం నడిచి, ఎవరి బండి వెనకనో ఎక్కి, అయిదుంబావుకు వాకిట్లోకి వచ్చాడు. అప్పటికే స్నానాలు చేసి మగవాళ్లంతా విస్తర్ల ముందు కూర్చున్నారు. గోడ మీద ఇంకా ఎండ ఉంది.

"పొద్దు గూకుతున్నదని లేపినం కొడుకా" అన్నాడు పెద్దనాయిన, చేతిలో ముద్ద అట్లాగే ఉండగా. "ఇంకింత ఆగితే చీకటయ్యేది."

తమ్ముడు ఆయన వైపు చూడలేదు. "ఎన్నింటికి లేపిన్రు అక్కా?"

పంక్తి పంక్తి అంతా నా ముఖం చూసింది.

"మూడుంబావుకు" అన్నాను. "ఇంకో రెండు గంటలు ఆగొచ్చు. ఆకలైంది, లేపిన్రు."

వాడు సంచి అక్కడే పడేసి చెరువు గట్టున కాష్టం వైపు పరుగెత్తాడు. అప్పటికి చూడడానికి మొకం మిగల్లేదు.

పెద్దనాయిన ఇంటివాళ్లు మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ ఒక్క మాట మింగి ఉంటే బంధుత్వం నిలిచేదని ఊళ్లో ఇప్పటికీ అంటారు. నిలిచేదేమో. ఆ రోజు మింగడం వాళ్ల వంతు, నాది కాదు.